చైనా నగరమున మితవ్యయ జీవనము: తల్లిదండ్రులకు ఒక లెక్క

గత విద్యాసంవత్సరాంతమున ఒక తండ్రిగారు మా పాఠశాలకు వచ్చి, చొక్కా జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగిత మొకటి తీసి మా ముందుంచిరి. ఆయన కుమారుడు మా యొద్ద చదివినవాడే. పై తరగతులు ముగించి, వైద్యవిద్యకై వ్రాయు నీట్ పరీక్షలో అర్హత మాత్రము పొందెను. ఇచ్చట ప్రభుత్వ కళాశాలలో చోటు దొరకునన్ని మార్కులు రాలేదు. ప్రైవేటు కళాశాలల రుసుము ఆ కుటుంబమునకు అందనిది. చైనా దేశములోని యొక నగరమున ఆరేండ్లు చదివింపవచ్చునని ఒక ఏజెంటు చెప్పి ఆ కాగిత మిచ్చెనట. దానిమీద రెండే అంకెలు కలవు. ఒకటి కళాశాల రుసుము. రెండవది "వసతి, భోజనము". "అయ్యా, మొదటి అంకె వారిది, దానిని తగ్గించుట మన చేతిలో లేదు. ఈ రెండవ అంకె నిజమేనా? ఊరిలోనున్న ఎకరము తాకట్టు పెట్టవలె. అందుకే అడుగుచున్నాను" అని ఆయన పలికిరి.

మేము తెలుగు, గణితము చెప్పువారము. చైనా చూచినవారము కాము. ఆ దినమున ఆయనకు సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత మూడు నెలలపాటు, అచ్చట చదివి వచ్చిన పూర్వవిద్యార్థులను అడిగియు, ఆ దేశపు నిబంధనలను చదివియు, కొంత తెలిసికొంటిమి. ఇదే ప్రశ్న మరికొందరు తల్లిదండ్రుల మనస్సులలో నున్నదని ఎరిగి ఈ సంచికలో వ్రాయుచున్నాము.

బీజింగులోని మన రాయబార కార్యాలయమువారు 2022 సెప్టెంబరులో తెలిపిన ప్రకారము, చైనా విశ్వవిద్యాలయములలో పేరు నమోదైన భారతీయ విద్యార్థులు 23,000 మందికి పైగా నుండిరి. అత్యధికులు వైద్యవిద్యార్థులే. వీరందరును బీజింగు, షాంఘైలలో నుండువారు కారు. హుబే రాష్ట్రములోని ఈచాంగ్, షీయెన్, ఉత్తరమున ల్యావ్‌నింగ్ రాష్ట్రములోని జిన్‌జౌ మొదలగు, మన పత్రికలలో ఎన్నడో గాని పేరు కనబడని నగరములలో అనేకులు చదువుచుందురు. మహానగరము కాదు, పల్లెయు కాదు. మనకు తిరుపతి, వేలూరు ఎట్టివో చైనావారికి ఇవి అట్టివి. ఐతే వారి జనసంఖ్యను బట్టి మన కొలతకు చాల పెద్దవిగా తోచును. ఈచాంగ్‌నే తీసికొందము. కొండలు, పల్లెలు కలిసిన దాని పరిపాలనా ప్రాంతములో 2020 జనగణన నాటికి సుమారు 40 లక్షల ప్రజ కలదు. యాంగ్‌ట్సీ మహానది కొండలలోనుండి మైదానములోనికి దిగుచోట ఆ నగరము వెలసినది. త్రీ గోర్జెస్ ఆనకట్ట దానికి ఎగువనే యున్నది. చుట్టుపట్ల బత్తాయి, కమలా తోటలు విస్తారము. కాన చలికాలమున ఆ పండ్లు అచ్చట చౌక. మా పూర్వవిద్యార్థి యొకడు "ఆరేండ్లలో నేను దండిగా తిన్నది అదియే" అనెను.

ఇట్టి నగరములలో జీవనము మహానగరములకన్న చౌక యగుటకు ముఖ్యకారణము అద్దె. బియ్యము, కూరగాయలు, బస్సు చార్జీలలో బీజింగునకును ఈచాంగ్‌కును భేదము కలదు గాని అది అంత గొప్పది కాదు. ఇంటి అద్దెలో మాత్రము భేదము మూడు నాలుగింతలు కూడ నుండవచ్చును. విశ్వవిద్యాలయపు వసతిగృహములో ఇద్దరు కలిసియుండు గదికి ఏటా సాధారణముగా 3,000 నుండి 6,000 యువాన్ల వరకు తీసికొందురు. 2025లో ఒక యువాను సుమారు 12 రూపాయలని తల్లిదండ్రులు లెక్కించుకొనవచ్చును.

ఇక నెల లెక్క చెప్పెదము. కళాశాల భోజనశాలలో ఉదయము ఆవిరిపై ఉడికిన రెండు రొట్టెముద్దలు, ఒక గిన్నె సోయాపాలు ఐదారు యువాన్లలో లభించును. మధ్యాహ్నము అన్నము, రెండు కూరలు 12 మొదలు 15 యువాన్లు. రాత్రి అంతియే. దినమునకు ముప్పదికి పైగా, నెలకు సుమారు 1,000 యువాన్లు. గది అద్దె నెలకు 400 చొప్పున పడును. విద్యుత్తు, నీరు 80, టెలిఫోను 40, బస్సు 60, సబ్బులు, పుస్తకములు, బట్టలు 150. మొత్తము 1,730 యువాన్లు, అనగా సుమారు 20,800 రూపాయలు. ఇది పొదుపుగా నుండు పిల్లవాని లెక్క. దుబారా చేయువానిది కాదు. ఆ తండ్రిగారి కాగితములోని అంకె ఇందులో సగమే. ఆ ఏజెంటు అబద్ధమాడెనని మేము చెప్పము. బహుశా భోజనశాలలో ఒక పూట లెక్కగట్టి, తక్కిన పూటలు మరచియుండును!

మొదటి నెల వ్యయము మరియొక తీరున నుండును. వైద్యపరీక్ష చేయించుకొనవలెను. నివాసానుమతి పత్రమునకు, ఒక సంవత్సరములోపు గడువునకు, 400 యువాన్లు రుసుము. విదేశ విద్యార్థులు తీసికొనవలసిన ఆరోగ్య భీమాకు ఏటా సుమారు 800 యువాన్లు. పరుపు, రగ్గు, బకెట్టు, టెలిఫోను చీటీ మొదలగు వానికి మరికొంత. కావున మొదటి నెలకు మామూలు నెలకు మూడింతలు సిద్ధముగా నుంచవలెను. ఆ సొమ్ము లేక తోటివారియొద్ద అప్పుచేసి, ఏడాది పొడుగున ఆ అప్పు తీర్చినవారు కలరు.

భోజన విషయము కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఇంటికి దూరమైన పిల్లలు డబ్బు పాడుచేసికొనునది ముఖ్యముగా ఇచ్చటనే. భోజనశాల కూర నచ్చక, నగరములోని భారతీయ భోజనశాలకు పోయిన యెడల, ఒక పూట సొమ్ముతో కళాశాలలో రెండు దినములు గడుపవచ్చును. మన పిల్లలకు అన్నమే ప్రధానము గదా. చైనా మధ్య, దక్షిణ ప్రాంతములలో పండు బియ్యము మన బియ్యమువలె పొడవుగింజ జాతి. వండిన మెతుకులు కొంత విడివిడిగా నుండును. ఈశాన్యమున పండునది పొట్టిగింజ, జిగురు కలది. జిన్‌జౌ పోయినవాడు మొదటి నెల "అన్నము ముద్దగా నున్న"దని ఇంటికి చెప్పుట సహజము. తల్లి కంగారుపడ నవసరము లేదు. అది సరిగా వండిన అన్నమే.

కందిపప్పు, చింతపండు, కరివేపాకు సామాన్యపు అంగళ్లలో దొరకవు. పెసలు మాత్రము దేశమంతట చౌకగా దొరకును. వేసవిలో వారు పెసల జావ త్రాగుదురు. పెసలు నానబెట్టి రుబ్బగల సాధనమున్న చోట పెసరట్టునకు కొదువ లేదు. టమాటాలు, గ్రుడ్లు కలిపి వేయించిన కూర వారి ఇండ్లలో నిత్యము వండునది. అది మన నాలుకకును నచ్చును, చౌకయు. సోయాపాలు విరిచి గడ్డకట్టించిన "డౌఫు" మాంసకృత్తులకు మంచి ఆధారము. కారమునకు హుబే, హునాన్, సిచువాన్ రాష్ట్రములవారు మనకు తీసిపోరు. ఇంటినుండి కారపుపొడి మూటలు మోయించుటకన్న, సాంబారు పొడి, ఇంగువ, ఎండబెట్టి పొడిచేసిన కరివేపాకు కొంచెము పంపిన చాలును. తాజా ఆకులు, పండ్లు, విత్తనములు ఆ దేశపు సుంకాధికారులు లోనికి రానీయరు.

శాకాహారుల కుటుంబములకు ఒక హెచ్చరిక. అచ్చట ఆకుకూర వేపుడులో సైతము మాంసపు తునకయో, పందికొవ్వో పడవచ్చును. "మాంసము వలదు" అన్నచో చాలదు. కొందరికి ఆ మాటకు పందిమాంసమనియే అర్థము. "సు" అను మాటకు శాకాహారమని అర్థము. "వో చ్ర్ సు" అన్నచో "నేను శాకాహారిని" అని తెలియును. గోమాంసము వర్జించువారు "న్యూ" అను మాటను, పందిమాంసము వర్జించువారు "ఝూ" అను మాటను మొట్టమొదట నేర్వవలెను. కోడి "జీ", చేప "యూ", గ్రుడ్డు "డాన్". ఈ ఆరు మాటలు విమానమెక్కక ముందే కంఠస్థము కావలెను.

వసతిగృహములలో పలుచోట్ల గదిలో విద్యుత్పొయ్యి నిషిద్ధము. పట్టుబడినచో సామాను తీసికొని పోవుదురు. ఉమ్మడి వంటగది కలదా లేదా అని ప్రవేశమునకు ముందే అడుగవలెను. ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని వండుకొను పిల్లవాని నెల భోజన వ్యయము 600 లేక 700 యువాన్లకు దిగును. ఆరేండ్లలో అది మన రూపాయలలో రెండు లక్షలకు మించిన తేడా.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. పూర్వవిద్యార్థులను అడిగినప్పుడు ఒకే నగరమున, ఒకే కళాశాలలో చదివిన ఇద్దరి లెక్కలు పొసగలేదు. ఒకడు నెలకు 1,500 యువాన్లతో గడిపెను. రెండవవానికి 2,500 చాలలేదు. ఇద్దరును దురలవాట్లు లేనివారే. కొంత తరచి అడుగగా భేదము తేలినది. మొదటివాడు చైనా భాష నేర్చెను. రెండవవాడు నేర్వలేదు.

ఇది ఎట్లు జరుగునో చూపెదము. ఆ దేశపు సంతలో కూరగాయలకు ధర "జిన్" లెక్కన చెప్పుదురు. జిన్ అనగా అర కిలో. మన తాతలు వీశెలలో కొన్నట్లు వారు నేటికిని జిన్నులలో కొందురు. కిలోగ్రాము వారికి తెలిసినను, నోటికి వచ్చునది జిన్నే. టమాటాలు నాలుగు యువాన్లని వినిన మన పిల్లవాడు కిలో తూపించి నాలుగు యువాన్లు ఇయ్యబోవగా, అమ్ము నామె ఎనిమిది అడిగెను. విదేశీయుడనని మోసగించుచున్నదని తలచి, కలహించి, వట్టి సంచితో తిరిగివచ్చెను. ఇట్లు రెండు నెలలు ఆ సంత మానివేసి, గాజుతలుపుల అంగడిలో ముద్రించిన ధరకు కొనెను. పక్కగది చైనా విద్యార్థి జిన్ సంగతి చెప్పిన తరువాతగాని తన తప్పు తెలియలేదు. "ఆమెకు క్షమాపణ చెప్పుటకు పోతిని. ఆ మాట రాక, రెండు జిన్నుల వంకాయలు కొని వచ్చితిని" అని అతడు మాతో చెప్పి నవ్వెను.

చైనా భాషలో అక్షరమునకన్న స్వరము ముఖ్యము. "మాయ్" అని దించి ఎత్తి పలికినచో కొనుట. అదే "మాయ్" పైనుండి క్రిందికి పలికినచో అమ్ముట. సంతలో నిలుచున్నవానికి ఇంతకన్న ముఖ్యమగు భేద మేమున్నది! నాలుగును "స", పదిని "ష" కు దగ్గరగా పలుకుదురు. దక్షిణపు మాండలికములు పెక్కింట ష కారము స కారమగును. అప్పుడు నాలుగునకు పదికి స్వరమే తేడా. అందుచే వారు చేతితో చూపుటయు కలదు. బొటనవ్రేలు, చిటికెనవ్రేలు చాచిన ఆరు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు చాచిన ఎనిమిది. రెండు చూపుడువ్రేళ్లు అడ్డముగా పెట్టిన పది. ఈ సంజ్ఞలను మన పిల్లలు ఒక సాయంకాలములో నేర్వగలరు.

సంత ఒక్కటియే కాదు. అచ్చటి ప్రజలు నేడు సామాను ఎక్కువగా టెలిఫోనుద్వారానే తెప్పించుకొందురు. పదిమంది కలిసి కొనిన ధర తగ్గించు ఏర్పాటులు కూడ కలవు. ఆ ప్రకటనలన్నియు చైనా లిపిలోనే. చదువగలవాడు రగ్గును సగము ధరకు తెప్పించుకొనును. చదువలేనివాడు, తెప్పించి పెట్టు సీనియరుకు కమీషను ఇచ్చుకొనును. మరమ్మతు చేయువానితో, వైద్యశాలలో చీటీ వ్రాయించుకొనుచోట, అద్దె ఒడంబడికపై సంతకము చేయునపుడు, ఇదే సంగతి. భాష రానివాడు ప్రతిచోట ఒక మధ్యవర్తిని పోషింపవలసియుండును.

మన పట్టాభిరామ్ తల్లిదండ్రులకు ఇది క్రొత్త పాఠము కాదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రములో కలిసెను. అప్పటి మన పెద్దలు ఇంటిలో తెలుగు విడువకయే కచేరీలో తమిళము నేర్చిరి. నేర్చినవారు తమ పట్టాలు, దరఖాస్తులు తామే చూచుకొనిరి. నేర్వనివారు దరఖాస్తు వ్రాయువానికి చేతిడబ్బు పెట్టుకొనిరి. రైల్వేలోను, సైనిక డిపోలోను, ఆవడి కర్మాగారములలోను పనికై వచ్చిన కుటుంబముల అనుభవమును ఇదియే. మన పాఠశాల పిల్లలకు తెలుగు, తమిళము, ఆంగ్లము మూడును వచ్చును. ఇంటికొక నుడి, వీధికొక నుడి అలవాటైనవారికి నాలుగవది ఇతరులకున్నంత భయంకరము కాదు. మేము ఈ మాట పొగడ్తకు చెప్పుట లేదు. మాకు తెలిసిన ఆ మొదటి విద్యార్థి ఈ పాఠశాలవాడే.

చైనాకు సేవకై పోయిన మనవారిలో డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ పేరు వినని పెద్దలుండరు. ఆయన జన్మస్థలము మహారాష్ట్రములోని సోలాపురము. తరతరాలుగా తెలుగు నేతపనివారు అల్పసంఖ్యాకులై నివసించుచున్న ఊరది. 1938లో కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యులలో ఆయన యొకరు. ఆయన చైనా భాష నేర్చి, యుద్ధభూమిలో వైద్యము చేయుచు, ఆ భాషలోనే వైద్యవిద్యార్థులకు బోధించి, బెథూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధ్యక్షులై, 1942 డిసెంబరు 9న ముప్పదిరెండవ యేట అచ్చటనే కన్నుమూసిరి. ఇక అచ్చటినుండి ఇటు వచ్చినవారిలో హ్యూయెన్‌త్సాంగ్, మన పాఠ్యపుస్తకములలో నున్నవాడే, ఏడవ శతాబ్దమున నలందలో కూర్చుండి సంస్కృతమును క్షుణ్ణముగా అభ్యసించి, పిమ్మట ధాన్యకటకము చూచి, మనకు చేరువనున్న కాంచీపురమువరకు వచ్చెను. వీరిద్దరికిని టెలిఫోనులో అనువాదము చేయు యంత్రము లేదు. నేటి పిల్లలకు అది కలదు. అది దారి అడుగుటకు చాలును. రోగి మంచముచెంత చాలదు.

రోగి మాట ఎత్తితిమి గనుక అసలు లెక్క ఇచ్చట చెప్పవలెను. చైనాలో ఆంగ్లమాధ్యమున పాఠములు చెప్పినను, వైద్యశాలలోని రోగి చైనా భాషయే మాటాడును. రోగులను పరీక్షించు దశకు రావలెనన్న హెచ్.ఎస్.కె. అను చైనా భాషా పరీక్షలో నాలుగవ మెట్టు దాటవలెనని, అది దాటనివారికి పట్టము రాదని రాయబార కార్యాలయమువారు 2022లోనే హెచ్చరించిరి. పాత పద్ధతిలో ఆ మెట్టుకు 1,200 మాటలు తెలియవలెను. మరియు 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ వెలువరించిన నిబంధనల ప్రకారము విదేశమున చదువు 54 నెలలకు తక్కువ కారాదు; 12 నెలల శిక్షణ ఆ సంస్థలోనే ముగింపవలెను; బోధన ఆంగ్లములో జరుగవలెను; ఆ దేశములో వైద్యవృత్తికి అర్హత కలుగవలెను. ఇన్నియు దాటి స్వదేశమునకు వచ్చిన తరువాత 300 ప్రశ్నల అర్హత పరీక్షలో 150 తెచ్చుకొనవలెను. 2015 నుండి 2021 వరకు చైనాలో చదివినవారు 40,417 మంది ఆ పరీక్షకు కూర్చుండగా, 6,387 మంది ఉత్తీర్ణులైరి. నూటికి పదునారుగురు.

ఈ అంకె చూచి చైనా చదువే చెడ్డదని మేము తీర్పు చెప్పము. కాని పరీక్ష తప్పిన పిల్లవాడు మరల ఒకటి రెండేండ్లు ఇంట కూర్చుండి, శిక్షణాలయమునకు రుసుము కట్టును. ఆ వ్యయము ఏ ఏజెంటు కాగితములోను కనబడదు. టమాటాలలో రెండు యువాన్లు మిగిల్చి, ఇచ్చట రెండేండ్లు పోగొట్టుకొనుట మితవ్యయ మనిపించుకొనదు. కావున మొదటి రెండేండ్లు భాషకు దినమున కొక గంట, మన పరీక్షకు దినమున కొక గంట కేటాయింపగలవానికే ఆ చౌక నిజముగా చౌక.

"పిల్లవాడు తీరిక వేళలలో అచ్చట ఏదైన పని చేసి భోజనపు ఖర్చు తెచ్చుకొనును" అని కొందరు ఏజెంట్లు ఆశ చూపుచున్నారు. తల్లిదండ్రులు ఈ మాట నమ్మరాదు. విద్యార్థి వీసాపై నున్నవాడు విశ్వవిద్యాలయపు అంగీకారము, వలస అధికారుల నమోదు లేక పని చేయుట ఆ దేశపు చట్టమునకు విరుద్ధము. దొరకినచో 5,000 నుండి 20,000 యువాన్ల వరకు జరిమానా. తీవ్రమైనచో నిర్బంధము, దేశమునుండి పంపివేయుట. చిన్నపిల్లలకు ఆంగ్లము చెప్పెదనని పోయి, చదువే కోల్పోవు స్థితి తెచ్చుకొనరాదు.

తక్కిన నిబంధనలు సులభములే, మరువకుండుటయే కష్టము. దీర్ఘకాలపు చదువునకు ఎక్స్ 1 వీసా తీసికొని పోయినవాడు, దేశము ప్రవేశించిన 30 దినములలోపల నివాసానుమతి పత్రమునకు దరఖాస్తు పెట్టవలెను. వసతిగృహము వీడి బయట ఇల్లు తీసికొన్నచో 24 గంటలలోపల ఆ ప్రాంతపు పోలీసు ఠాణాలో చిరునామా నమోదు చేయించుకొనవలెను. మరచినచో 2,000 యువాన్లవరకు జరిమానా పడవచ్చును. అనుమతి గడువు దాటి యున్నచో దినమునకు 500 చొప్పున, 10,000 వరకు పెరుగును. బయటి ఇంటికి పలుచోట్ల మూడు నెలల అద్దె ముందుగా, మరియొక నెలది ధరావతుగా అడుగుదురు. ఒకేసారి నాలుగు నెలల సొమ్ము! చేతిలో అది లేనివాడు వసతిగృహములోనే యుండుట మేలు.

చలి సంగతి తల్లులు తప్పక వినవలెను. చైనాలో చిన్‌లింగ్ పర్వతములు, హ్వాయ్ నది కలిపి గీసిన రేఖకు ఉత్తరమున చలికాలమంతయు ఇండ్లకు ప్రభుత్వ ఏర్పాటున వేడి వచ్చును. ఆ రేఖకు దక్షిణమున ఆ ఏర్పాటు లేదు. ఈ పద్ధతి 1950ల నాటిది. జిన్‌జౌలో బయట నీరు గడ్డకట్టినను గది వెచ్చగా నుండును. ఈచాంగ్‌లో బయటి చలి అంత తీవ్రము కాదు గాని, గదిలోను అంతే చలి, పైగా తేమ. దక్షిణము వెచ్చనిదని తలచి పలుచని దుప్పటితో పంపిన కుటుంబములు మొదటి జనవరిలో పశ్చాత్తాపపడినవి. ఉన్నిబట్టలు చెన్నపట్టణములో కొని బరువు పెంచవలదు. అచ్చట నవంబరులో కొనినచో చౌకయు, ఆ చలికి తగినదియు దొరకును. కాచిన నీరు మాత్రము దేశమంతట, రైలుపెట్టెలో సైతము, ఉచితముగా లభించును. ఒక మంచి ఫ్లాస్కు ఇచ్చి పంపుడు.

ఇక మాటాడుకొనుట ఎట్లు? వాట్సప్, గూగుల్, యూట్యూబ్ ఆ దేశపు వలయములో పనిచేయవు. వారు వాడు వీచాట్‌ను మన ప్రభుత్వము 2020 జూన్ 29న నిషేధించెను. కావున తండ్రి వాడునది కొడుకునకు, కొడుకు వాడునది తండ్రికి అందదు. పిల్లవాని భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగు సౌకర్యము ఇచ్చటనుండగానే తీసికొనవలెను. మన బ్యాంకు పంపు రహస్యసంఖ్య ఆ సిమ్‌కే వచ్చును. అది రానిచో ఖాతాలో సొమ్ముండియు తీసికొనలేరు. అచ్చట కూరగాయల బండివాడును టెలిఫోనుపై గీతల చతురము చూపియే డబ్బు తీసికొనును. కాగితపు నోట్లు చెల్లును గాని చిల్లర దొరకుట కష్టము. కనుక మొదటి వారమే విశ్వవిద్యాలయమువారి సహాయమున స్థానిక బ్యాంకు ఖాతా తెరువవలెను.

ఆకస్మికముగా రావలసినచో ఏమి చేయుదు రన్న ప్రశ్న 2020కి పూర్వము ఎవ్వరును మమ్ము అడుగలేదు. ఆ సంవత్సరము జనవరిలో వూహాన్ నగరమును, వెంటనే ఈచాంగ్ మొదలగు హుబే నగరములను మూసివేసిరి. ఫిబ్రవరి 1, 2 తేదీలలో రెండు ఎయిరిండియా విమానములు 647 మంది భారతీయులను వూహాన్‌నుండి ఢిల్లీకి తెచ్చెను. విద్యార్థులతోపాటు, తిరుపతి చెంతనున్న ఒక కర్మాగారమునుండి శిక్షణకై పోయిన తెలుగు యువతీయువకులు అనేకులు అందులో నుండిరి. ఇండ్లకు వచ్చిన వైద్యవిద్యార్థులకు తిరిగి పోవుటకు వీసాలు 2022 ఆగస్టులోగాని మొదలు కాలేదు. రెండున్నరేండ్లు తెరపై చూచి వైద్యము చదివిరి. నేరు విమానములు 2025 అక్టోబరులోగాని తిరిగి నడువలేదు. కావున ప్రతి కుటుంబము ఒక విమాన టిక్కెట్టు సొమ్మును వేరుగా, ఏ ఖర్చునకును తాకక, ఉంచుకొనవలెను. మా లెక్కలో దీనిని పొదుపు క్రింద వ్రాసితిమి గాని వ్యయము క్రింద కాదు.

ఆ తండ్రిగారిని మరల పిలిపించి ఈ లెక్కలన్నియు ఒక కాగితముపై వ్రాసియిచ్చితిమి. ఆయన చాలసేపు చదివి, "రెండు అంకెలు కాస్త ఇరువది యైనవి" అనిరి. కుమారుడు ప్రక్కనే యుండెను. మేము వానిని ఒకటే అడిగితిమి: మూడు నెలలు ఇచ్చటనే యుండి చైనా భాషలో మొదటి నూరు మాటలు, పది వరకు చేతిసంజ్ఞలు నేర్చి చూపగలవా? అది చేతకానిచో అచ్చటికి పోయి చేయునన్న నమ్మకము మాకు లేదని చెప్పితిమి. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి వాడు అరువది మాటలు దాటెను. గత శనివారము పాఠశాలకు వచ్చి "కొనుట", "అమ్ముట" రెండును పలికి చూపి, ఏది ఏదో మమ్ము చెప్పుమనెను. మాలో ముగ్గురము తప్పు చెప్పితిమి. ఎకరపు పత్రములు ఇంకను ఆయన బీరువాలోనే యున్నవి.